గూగుల్‌లో చిన్న షాపు కనబడాలంటే: అపోహలు - వాస్తవాలు

కొత్తగా వెబ్‌సైట్ పెట్టిన వ్యాపారికి వారం తిరక్కుండానే ఫోన్లు మొదలవుతాయి. నెలకింత కట్టండి, గూగుల్ మొదటి పేజీకి తెస్తాం అంటారు. మిఠాయి దుకాణం కావచ్చు, పచ్చళ్ల వ్యాపారం కావచ్చు, మోటార్ల రిపేరు షాపు కావచ్చు, ఆ డబ్బు కట్టే ముందు సొంతంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. చిన్న సైట్లు కనబడకపోవడానికి మేం ఎక్కువగా చూసే కారణాలు రెండు. పేజీని గూగుల్ చదవలేకపోవడం ఒకటి, చదివినా అందులో కొనేవాళ్లకు పనికొచ్చే సంగతి లేకపోవడం రెండోది.

అపోహ: డబ్బు కడితే మొదటి స్థానం గ్యారంటీ

మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసి పెట్టింది. ఫలితాల పైన ‘స్పాన్సర్డ్’ అని కనిపించేవి ప్రకటనలు. డబ్బు ఆపిన రోజే అవి మాయమవుతాయి. ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టినా కింద వచ్చే మామూలు ఫలితాల్లో మీ స్థానం మారదు.

గ్యారంటీ ఇస్తామన్నవాళ్లను ఒకే ప్రశ్న అడగండి: “ఏ మాటకు మొదటి స్థానం?” చాలాసార్లు అది మీ షాపు పూర్తి పేరే అయి ఉంటుంది. దానికి ఎవరి సాయమూ లేకుండానే మీరు ముందుంటారు. లేదంటే ఎవరూ వెతకని ఏడెనిమిది మాటల పొడవాటి వాక్యం అయి ఉంటుంది. నిజాయితీగా చేసిన పని ఫలితం చూపడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతోంది.

అపోహ: సైట్ తెరుచుకుంటోంది కాబట్టి గూగుల్‌లో ఉన్నట్టే

గూగుల్ సెర్చ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రసు, రాయండి. గూగుల్ దగ్గరున్న మీ పేజీలు సుమారుగా కనిపిస్తాయి. ఒక్కటీ రాకపోతే, సైట్‌ను వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసి ఉంటే, ముందు చూడాల్సింది దాని సెట్టింగుల్లోని ‘రీడింగ్’ పేజీ. సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే టిక్కు ఒకటి అక్కడ ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు డెవలపర్ దాన్ని పెడతాడు, అప్పగించేటప్పుడు తీయడం మర్చిపోతాడు. ఆ ఒక్క టిక్కుతో నెలల తరబడి కనబడకుండా పోయే సైట్లున్నాయి.

తర్వాత రోబోట్స్ ఫైల్ చూడండి. సైట్‌లో ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైల్ ఇది. మీ డొమైన్ చివర ఏటవాలు గీత (స్లాష్) పెట్టి ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ కొడితే అది తెరుచుకుంటుంది. అందులో ‘డిస్అలౌ’ పక్కన ఒంటరిగా ఒక ఏటవాలు గీత ఉంటే మొత్తం సైట్‌కు తాళం పడినట్టే. ఇక్కడ ఒక తికమక ఉంది. రోబోట్స్ ఫైల్ చెప్పేది ‘లోపలికి రావద్దు’ అని. పేజీ కోడ్‌లో పెట్టే నోఇండెక్స్ ట్యాగ్ చెప్పేది ‘ఫలితాల్లో చూపించొద్దు’ అని. రెండూ కలిపి పెడితే గూగుల్ లోపలికే రాదు కాబట్టి నోఇండెక్స్ దాని కంటపడదు. మీరు దాచాలనుకున్న పేజీ ఇంకెక్కడి లింకు ద్వారానో ఫలితాల్లోకి వచ్చేయవచ్చు.

అడ్డంకులు తీశాక సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను చేర్చుకోండి. గూగుల్‌లో మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సాధనం ఇది. ఇది పూర్తిగా ఉచితం. డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (డొమైన్ పేరును సైట్‌కు కలిపే) సెట్టింగుల్లో వాళ్లిచ్చిన టీఎక్స్‌టీ రికార్డు అతికిస్తే యాజమాన్యం రుజువవుతుంది. సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా ఉన్న ఫైల్) అడ్రసు ఇవ్వండి. ముఖ్యమైన నాలుగైదు పేజీలను ‘యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్’లో పెట్టి ఇండెక్స్ చేయమని, అంటే గూగుల్ జాబితాలో చేర్చుకోమని, అడగండి. పదే పదే అడిగితే తొందరగా అయ్యేదేమీ లేదు. ‘క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని చూపిస్తే గూగుల్ వచ్చి చూసింది కానీ ఆ పేజీని ఇంకా తీసుకోలేదని. రెండు లైన్లు, ఒక ఫొటో, ఒక ఫోన్ నంబరు మాత్రమే ఉన్న పేజీలకు ఇది తరచూ జరుగుతుంది. ‘మీ సైట్‌ను అయిదొందల సెర్చ్ ఇంజన్లకు పంపిస్తాం’ అనే ప్యాకేజీలకు డబ్బు దండగ. గూగుల్ కాక చేర్చుకోదగ్గది బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్. సెర్చ్ కన్సోల్ నుంచి వివరాలను అది నేరుగా తీసుకుంటుంది.

అపోహ: బ్యానర్ మీద అంతా రాసే ఉంది, గూగుల్ చదువుకుంటుంది

తెలుగు సైట్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మన ఊళ్లలో కరపత్రాలు, ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు తయారుచేసే డీటీపీ సెంటర్లు దశాబ్దాలుగా అను వంటి పాత ఫాంట్లతో పనిచేస్తున్నాయి. ఆ ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగే కానీ ఫైల్ లోపల ఉండేవి రోమన్ అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వాటి మీద తెలుగు ఆకారం గీస్తుంది, అంతే. ఆ మ్యాటర్‌ను యథాతథంగా సైట్‌లో అతికించి ఫాంట్ జతచేస్తే చదివేవాళ్లకు తెలుగులా కనిపిస్తుంది, గూగుల్‌కు మాత్రం అర్థంలేని అక్షరాల గుంపు. ఎవరైనా ‘నేతి పూతరేకులు’ అని తెలుగులో వెతికితే ఆ పేజీ దరిదాపుల్లోకి కూడా రాదు.

పరీక్ష సులువు. మీ సైట్ నుంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు తెలుగులాగే వస్తే అది యూనికోడ్, అంటే ఫైల్ లోపల కూడా తెలుగు అక్షరాలే ఉన్నట్టు. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు. అసలు లైను సెలెక్టే కాకపోతే అది బొమ్మ, అంటే కరపత్రాన్ని జేపీజీగా ఎక్కించారన్నమాట. ముఖ్యమైన మాటలను బొమ్మల్లో పెట్టవద్దని గూగుల్ ఎప్పటినుంచో చెబుతోంది.

పాత మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు, అంకెలు తప్పకుండా సరిచూడాలి. ‘క్ష’, ‘జ్ఞ’, ‘ర’ ఒత్తు ఉన్నచోట తప్పులు ఎక్కువ దొర్లుతాయి. అందం పోతుందని భయం వద్దు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. బ్యానర్ ఉంచుకోండి, కానీ దాని మీది ధర, బరువు, ఊరు, ఫోన్ నంబరు పేజీలో మామూలు అక్షరాల్లో కూడా ఉండాలి. బొమ్మకు పెట్టే ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మ వెనక కోడ్‌లో ఉండే వివరణ) అందులో ఉన్నదేమిటో ఒక్క వాక్యంలో రాయండి: ‘అరటాకులో పేర్చిన బెల్లం పూతరేకులు’.

అపోహ: కీవర్డ్లు (వెతికే మాటలు) ఎన్ని గుప్పిస్తే అంత పైకి

పేజీ కోడ్‌లో కంటికి కనబడకుండా మాటలు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగును ర్యాంకింగుకు వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఇప్పటికీ కొందరు అందులో వంద మాటలు నింపి దానికి బిల్లు వేస్తున్నారు. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో మాటలు దాచడం నేరుగా స్పామ్ కిందికే వస్తుంది.

పని చేసేది ప్రతి పేజీకీ దాని సొంత టైటిల్, అంటే గూగుల్ ఫలితాల్లో కనిపించే శీర్షిక. అన్ని పేజీలకూ ‘హోమ్’ అనో, షాపు పేరు మాత్రమే అనో ఉన్న సైట్లు కోకొల్లలు. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే షాపు ఉందనుకోండి. ‘ఆత్రేయపురం బెల్లం పూతరేకులు - నేతితో, పెట్టెకు 10’ అని రాసి చివర షాపు పేరు పెడితే, వెతికేవాళ్లకూ గూగుల్‌కూ ఒకేసారి అర్థమవుతుంది. బెల్లానివి, చక్కెరవి, డ్రైఫ్రూట్‌వి వేరువేరుగా అమ్ముతుంటే వేరువేరు పేజీలు పెట్టండి. పేజీలో ఏం రాయాలో ఫోన్ చేసేవాళ్లే రోజూ చెబుతుంటారు. పెట్టెలో ఎన్ని, బరువెంత, ఎన్ని రోజులు నిలవుంటాయి, కొరియర్‌లో విరిగితే ఏం చేస్తారు, హైదరాబాద్‌కు ఎన్నాళ్లు, విదేశాలకు పంపుతారా? ఈ జవాబులు మీ షాపుకు తప్ప ఇంకెవరికీ తెలియవు. ఏఐతో రాయించిన ‘పూతరేకుల ఘన చరిత్ర’ వ్యాసం ఇప్పటికే వంద సైట్లలో ఉంది. ఏఐ వాడినందుకే గూగుల్ శిక్ష వేయదు. ర్యాంకు కోసం ఉపయోగం లేని పేజీలను గుట్టలుగా దింపితే అది స్పామ్ అని 2024 మార్చిలో నియమం స్పష్టం చేసింది.

మనవాళ్లు చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుకుతారు. ‘పూ’కు ఒకరు రెండు ‘ఓ’లు పెడతారు, ఒకరు ‘యు’ పెడతారు. ‘త’ పక్కన కొందరు ‘హెచ్’ చేర్చుతారు, కొందరు చేర్చరు. అన్ని స్పెల్లింగులనూ పేజీలో కుక్కనక్కర్లేదు, చాలా తేడాలను గూగులే కలుపుకుంటుంది. సెర్చ్ కన్సోల్‌లో ఏ స్పెల్లింగుతో ఎక్కువమంది వస్తున్నారో చూసి ఇంగ్లిష్ పేజీలో దాన్ని వాడితే చాలు. తెలుగు పేజీ, ఇంగ్లిష్ పేజీ వేరువేరు అడ్రసుల్లో ఉండాలి.

అపోహ: ఊరికో పేజీ పెడితే ప్రతి ఊళ్లోనూ వస్తాం

ఏసీ రిపేరు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ సైట్లలో ఈ జబ్బు ఎక్కువ. కూకట్‌పల్లి, మియాపూర్, దిల్‌సుఖ్‌నగర్ అని పేరు మాత్రం మార్చి అదే మ్యాటర్‌తో యాభై పేజీలు పెడతారు. గూగుల్ వీటిని డోర్‌వే పేజీలు అంటుంది, స్పామ్‌గా చూస్తుంది. ఆ ఊళ్లో నిజంగా బ్రాంచి ఉంటేనో, అక్కడి ధరలు, సమయాలు వేరైతేనో పేజీ పెట్టండి. లేకపోతే ఎక్కడెక్కడికి వస్తారో ఒకే పేజీలో రాస్తే సరిపోతుంది.

అపోహ: మ్యాప్‌లో ఉన్నాం, సైట్ ఎందుకు?

రెండూ కావాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో (మ్యాప్‌లో కనిపించే మీ షాపు వివరాలు) పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. దాన్నే నమ్ముకున్న షాపుల విజిటింగ్ కార్డుల మీది అడ్రసు పనికిరాకుండా పోయింది.

అలాగని మ్యాప్‌ను చిన్నచూపు చూడొద్దు. ‘దగ్గర్లో’ అని వెతికినప్పుడు వచ్చే ఫలితాలకు గూగుల్ చెప్పే కొలతలు మూడు: వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరాన్ని ఎవరూ మార్చలేరు, మిగతా రెండూ మీ చేతిలో పనులే. వ్యాపారం ఏ రకమో చెప్పే మొదటి కేటగిరీ కచ్చితంగా ఎంచుకోండి. పిన్ను మీ గుమ్మం మీదకే జరపండి, ‘రామాలయం ఎదురు సందు’ అని రాసే మన అడ్రసులతో అది వీధి అవతల పడటం మామూలే. పండగ సెలవులు ముందే మార్చండి. బోర్డు మీద లేని మాటలను పేరులో చేర్చొద్దు. ‘బెస్ట్ స్వీట్ షాప్ ఇన్ రాజమండ్రి’ అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. ఇంటి నుంచి పచ్చళ్లు అమ్మేవాళ్లు ఇంటి అడ్రసు దాచి, సరఫరా చేసే ప్రాంతాలు మాత్రమే చూపించవచ్చు.

రివ్యూలకు డిస్కౌంటు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. ప్రొఫైల్‌లో దొరికే రివ్యూ లింకును క్యూఆర్‌గా మార్చి కౌంటర్ మీద పెట్టండి, అందరినీ అడగండి. తిట్టినవాళ్లకూ మర్యాదగా జవాబివ్వండి. కొత్త కస్టమర్లు ముందు చదివేది ఆ జవాబులనే.

అపోహ: వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు వచ్చే లింకులు) కొంటే పని అయిపోతుంది

ర్యాంకు కోసం లింకులు కొనడం నిషిద్ధం. అమ్మేవాళ్ల దగ్గర దొరికేవి చాలావరకు గూగుల్ లెక్కలోకే తీసుకోనివి. మీరు డీలరుగా ఉన్న కంపెనీ సైట్‌లోని డీలర్ల పేజీ, మీ వర్తక సంఘం సైట్, మీ గురించి రాసిన పత్రిక నుంచి వచ్చే లింకు ఒక్కటైనా అంతకంటే మేలు.

అపోహ: స్పీడు స్కోరు 100 రావాలి

అక్కర్లేదు. ప్రధానమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించడం, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించడం, చదువుతుండగా పేజీ ఎగిరిపడకపోవడం... ఈ మూడూ బాగుంటే చాలు. చిన్న సైట్లలో నెమ్మదికి ప్రధాన కారణం ఫోనులో తీసి అలాగే ఎక్కించిన 4, 5 ఎంబీల ఫొటోలు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే ఫొటో ఫార్మాట్‌లో సేవ్ చేస్తే చాలా ఫొటోలు 200 కేబీలోపు వచ్చేస్తాయి. గూగుల్ చూసేది సైట్ మొబైల్ రూపాన్నే, కాబట్టి పరీక్ష కూడా ఫోనులోనే చేయండి.

అపోహ: కొత్త డిజైన్‌తో ర్యాంకు పెరుగుతుంది

డిజైన్ మార్చిన మర్నాడే ఉన్న ర్యాంకు పోయే సైట్లే ఎక్కువ. కొత్త సైట్‌లో పేజీల అడ్రసులు మారిపోతాయి, పాతవి నొక్కితే 404, అంటే ‘పేజీ లేదు’ అనే సందేశం, వస్తుంది, ఏళ్ల తరబడి వచ్చిన పేరు అక్కడే ఆగిపోతుంది. పని మొదలుపెట్టే ముందే సెర్చ్ కన్సోల్ నుంచి క్లిక్కులు వస్తున్న పేజీల జాబితా దించుకోండి. అది 16 నెలల లెక్క చూపిస్తుంది. జాబితాలోని ప్రతి పాత అడ్రసుకూ సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసుకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు) పెట్టించండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తే కుదరదు. కనీసం ఏడాదిపాటు ఆ రీడైరెక్టులు తీయొద్దు. డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిల్ మీద రిజిస్టరైందో కూడా అప్పుడే చూడండి. డెవలపర్ పేరు మీద ఉంటే, చివరి బిల్లు కట్టే లోపే మీ పేరు మీదకు మార్పించుకోండి.