నిద్ర లేని మెదడు ఇచ్చే వాంగ్మూలం

మా మేనమామ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆదివారం ఉదయాల్లో ఇద్దరం రామకృష్ణా బీచ్‌లో నడిచి, కుర్సురా జలాంతర్గామి మ్యూజియం దగ్గర గట్టు మీద కాసేపు కూర్చుంటాం. ఒక ఆదివారం ఆయన రేవు వైపు వెళ్తున్న ఓడను చూపించి ఇలా అడిగారు: "అల్లుడూ, ఆ హార్బర్లో ఎవడో బాంబు పెట్టాడనుకో. ఆడు మన చేతికి దొరికేసాడనుకో. గంటే టైముంది. ఆడికి టీ పోసి కబుర్లు చెప్పమంటావా?"

తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం, పెద్ద రేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో ఈ ప్రశ్న ఊసుపోక అడిగేది కాదు. దెబ్బకు దెయ్యం వదులుతుందని నమ్మే సమాజంలో దానికి సమాధానం కూడా అడిగినవారి దగ్గర సిద్ధంగానే ఉంటుంది. సుమారు పాతికేళ్లుగా అమెరికా రాజకీయాలను రెండుగా చీల్చిన చర్చ కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. శరీరధర్మ శాస్త్రం బోధించే వైద్యుడిగా నాకు ఆ చర్చలో ఒక లోపం కనబడుతుంది. హింసను సమర్థించేవారూ, వ్యతిరేకించేవారిలో చాలామందీ, నిందితుడి తలలో సమాచారం తాళం వేసిన బీరువాలో కాగితంలా భద్రంగా ఉంటుందనీ, అతని మొండితనమే ఆ తాళమనీ అనుకుంటారు. తాళం పగలగొట్టవచ్చా, కూడదా అన్నదే వాదంగా మిగులుతుంది. నిజానికి ఆ సుత్తి దెబ్బ పడేది తాళం మీద కాదు, కాగితం మీద.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అనుమానితులను రహస్య నిర్బంధ కేంద్రాల్లో ఉంచి, "మెరుగుపరచిన విచారణ పద్ధతులు" అన్న మెత్తని పేరుతో కొన్ని చర్యలు అమలు చేసింది. ముఖంపై గుడ్డ కప్పి నీళ్లు పోస్తూ ఊపిరాడకుండా చేయడం, గోడకు విసిరికొట్టడం, ఇరుకు పెట్టెలో బంధించడం, రోజుల తరబడి నిద్ర లేకుండా నిలబెట్టడం వాటిలో కొన్ని. ఇవి చట్టం దృష్టిలో చిత్రహింస కిందికి రావని న్యాయశాఖ 2002 ఆగస్టు 1న రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చింది. సెనేట్ గూఢచార వ్యవహారాల కమిటీ ఆరు వేలకు పైగా పుటల నివేదిక తయారుచేసి, దాని సారాంశాన్ని 2014 డిసెంబరు 9న బయటపెట్టింది. ఆ సారాంశం ప్రకారం మొత్తం 119 మందిని నిర్బంధించగా, వారిలో కనీసం 39 మందిపై ఈ పద్ధతులు ప్రయోగించారు. కనీసం 26 మందిని అసలు నిర్బంధించవలసిన కారణమే లేదు. సెప్టెంబరు 11 దాడుల ప్రధాన సూత్రధారిగా ఆరోపణ ఎదుర్కొన్న ఖాలిద్ షేక్ మహమ్మద్‌పై నీళ్లు పోసే చర్యను 183 సార్లు జరిపారు. కొందరిని 180 గంటల వరకు, అంటే ఏడున్నర రోజులు, నిద్రపోనివ్వలేదు. 2002 నవంబరులో గుల్ రెహమాన్ అనే నిర్బంధితుడు నడుము కింద బట్టలు లేకుండా చల్లటి కాంక్రీటు నేల మీద గొలుసులతో కట్టివేయబడి, చలికి చనిపోయాడు.

నివేదిక వెలువడగానే వాదం భగ్గుమంది. ఈ పద్ధతులవల్లే ప్రాణాలు నిలిచాయని మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ గట్టిగా నిలబడ్డారు. వియత్నాంలో యుద్ధఖైదీగా స్వయంగా చిత్రహింసలు అనుభవించిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ అదే రోజు సభలో తన పార్టీలో చాలామందికి ఎదురు నిలిచి, హింస వల్ల మంచి సమాచారం కంటే చెడ్డ సమాచారమే ఎక్కువగా వస్తుందని చెప్పారు. ఆ నెలలో ప్యూ సంస్థ జరిపిన సర్వేలో అమెరికన్లలో 51 శాతం మంది సీఐఏ పద్ధతులు సమర్థనీయమేనన్నారు, కాదన్నవారు 29 శాతం. ప్రజాభిప్రాయం అంత స్పష్టంగా ఒకవైపు మొగ్గినా, 2015లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రభుత్వ సంస్థలన్నీ చిత్రహింసను అనుమతించని సైన్యపు విచారణ నియమావళికే కట్టుబడాలని నిర్దేశించింది.

ఈ పద్ధతులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసే విషయం. కొరియా యుద్ధంలో పట్టుబడిన అమెరికన్ వైమానికులు కొందరు, తాము సూక్ష్మజీవులతో నింపిన బాంబులు వేశామని చైనీయుల ముందు ఒప్పుకున్నారు. తర్వాత ఆ ఒప్పుకోళ్లను వెనక్కి తీసుకున్నారు. మామూలు మనుషుల చేత అలాంటి ఒప్పుకోళ్లు ఎలా రాబట్టారని పరిశోధకులు విచారిస్తే నిద్ర లేకుండా చేయడం, ఒంటరితనం, గంటల తరబడి ఒకే భంగిమలో నిలబెట్టడం వంటివి బయటపడ్డాయి. తమ సైనికులు రేపు శత్రువుకు చిక్కితే తట్టుకోగలగాలని, అదుపులో ఉంచిన మోతాదులో ఆ అనుభవాన్ని రుచి చూపించే శిక్షణ శిబిరాలను అమెరికా సైన్యం నడిపింది. 2002లో సీఐఏ కోసం విచారణ పద్ధతులు రూపొందించిన ఇద్దరు మనస్తత్వ నిపుణులు ఆ శిక్షణ నుంచే వచ్చినవారు. వారి సంస్థకు 8 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లించారు. చైనీయులు తమకు కావలసిన ఒప్పుకోలును ఖైదీ నోట పలికించడానికి వాడిన యంత్రాన్ని, వీరు నిజం రాబట్టడానికి బిగించారు.

ఆ శిబిరాలే తర్వాత విజ్ఞానశాస్త్రానికి ఒక అరుదైన అవకాశం కల్పించాయి. ప్రయోగశాలలో ఎవరినీ చిత్రహింస పెట్టకూడదు, పెట్టలేం. కానీ శిక్షణ కోసం స్వచ్ఛందంగా వచ్చిన సైనికులు నిద్రాహారాలు లేకుండా నిజమైన ఒత్తిడిని అనుభవిస్తున్నప్పుడు వారి జ్ఞాపకశక్తిని పరీక్షించవచ్చు. మనోవైద్యుడు చార్లెస్ మోర్గన్ బృందం ఐదు వందల మందికి పైగా సైనికులను ఇలా పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కొక్కరినీ సుమారు నలభై నిమిషాలపాటు ఎదురెదురుగా విచారించి, ఒక రోజు గడిచాక, విచారించిన మనిషిని వరుసలో గుర్తుపట్టమన్నారు. మామూలుగా మాట్లాడిన అధికారిని 62 శాతం మంది సరిగ్గా గుర్తుపట్టారు. తీవ్రంగా బెదిరించి, చేయిచేసుకున్న అధికారిని గుర్తుపట్టినవారు 30 శాతమే. వెలుతురులో, ముఖంలో ముఖం పెట్టి అంతసేపు తమను హడలెత్తించిన మనిషినే ఎక్కువమంది పోల్చుకోలేకపోయారు.

ఇందుకు కారణం మన మెదడు నిర్మాణంలోనే ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్న వివరాలను కూర్చి ఒక జ్ఞాపకంగా నిలపడానికీ, మళ్లీ వెలికితీయడానికీ హిప్పోకాంపస్ అనే భాగం కీలకం. ఒత్తిడిలో ఎడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్ హార్మోనును గ్రహించే గ్రాహకాలు అక్కడ దట్టంగా ఉంటాయి. కొద్దిపాటి ఒత్తిడి మనిషిని చురుకు చేస్తుంది. అది హద్దు మీరి, తెరిపి లేకుండా సాగితే హిప్పోకాంపస్ పని దెబ్బతింటుంది. నుదుటి వెనుక ఉండి, ఆలోచనను అదుపులో పెట్టి, ఇది నిజంగా జరిగింది, ఇది ఊహ అని వేరుచేసే ముందరి వల్కలం కూడా అప్పుడు మందగిస్తుంది. భయాన్ని నడిపే అమిగ్డాలా మాత్రం పగ్గాలు చేతికి తీసుకుంటుంది. ఊపిరాడని మనిషికి అప్పుడు ఉన్న పని ఒక్కటే, ఊపిరి దక్కించుకోవడం. ఎదుటివాడు ఏ మాట వింటే ఆపుతాడో ఆ మాట చెప్పడానికి అతను సిద్ధపడతాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే శక్తి అతనిలోనే సన్నగిల్లి ఉంటుంది.

నిద్ర లేకపోవడాన్ని చాలామంది అసలు హింసగానే లెక్కించరు, రక్తం కనబడదు కాబట్టి. నా హౌస్ సర్జన్సీ రోజుల్లో ఒకసారి ముప్పై గంటలకు పైగా డ్యూటీలో ఉన్నాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు నర్సు కేస్ షీట్ తెచ్చి, ఒక మందు రెట్టింపు మోతాదులో పడిందనీ, రాత్రి నేనే చెప్పాననీ అంది. అవును, నేనే చెప్పాను అన్నాను. అనడమే కాదు, ఆ మంచం పక్కన నిలబడి చెప్పినట్టు, వార్డు కిటికీలోంచి చల్లగాలి తగిలినట్టు కూడా నాకు గుర్తుకొచ్చింది. సంతకం పెట్టేశాను. రోగికి ప్రమాదం జరగలేదు. మర్నాడు నిద్ర లేచాక చేతిరాత చూస్తే ఆ మోతాదు రాసింది మరో హౌస్ సర్జన్ అనీ, ఆ సమయానికి నేను ఆపరేషన్ థియేటర్లో ఉన్నాననీ తేలింది. ఎవరూ నన్ను కొట్టలేదు, గద్దించలేదు. ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది, అంతే. చేయని పనికి సంతకం పెట్టాను, పైగా దానికి ఒక జ్ఞాపకాన్ని కూడా తయారుచేసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంది.

2016లో అమెరికా పరిశోధకులు ఇదే విషయాన్ని 88 మందిపై పరీక్షించారు. కంప్యూటర్ మీద పనిచేసేటప్పుడు ఎస్కేప్ మీటను నొక్కవద్దని ముందే హెచ్చరించి, తర్వాత కొందరిని రాత్రంతా మేల్కొలిపి, మిగిలినవారిని నిద్రపోనిచ్చి, పొద్దున్న "మీరు ఆ మీట నొక్కారు" అని రాసిన కాగితంపై సంతకం కోరారు. అసలు వారెవరూ దాన్ని నొక్కలేదు. మొదటిసారి అడిగినప్పుడే నిద్రపోయినవారిలో 18 శాతం మంది, నిద్ర లేనివారిలో 50 శాతం మంది సంతకం చేశారు. అది ఒక్క రాత్రి నిద్ర లేకపోవడం వల్ల జరిగింది. 180 గంటల మాట పక్కన పెట్టి చూసినా నాకు భయం వేస్తుంది.

హింసకు లొంగి నిజం చెప్పినవారు ఎవరూ లేరని విజ్ఞానశాస్త్రం అనదు. కొందరు చెబుతారు. అయితే ఆ నిజం, అబద్ధాలతోనూ భ్రమలతోనూ కలిసిపోయి వస్తుంది. ఏది ఏదో వినేవాడికి తెలిసే మార్గం ఉండదు. మామయ్యకే ఈ సంగతి బాగా తెలుసు. ఒక దొంగతనం కేసులో దెబ్బలు తిన్న కుర్రాడు బంగారం ఫలానా చోట పాతానని మూడు చోట్లు చూపించాడట, మూడూ తవ్వారు. చివరికి ఆ నగలు ఇంటివాళ్ల బియ్యం డబ్బాలోనే దొరికాయి. "ఆడు తీస్తే కదా ఆడికి తెలిసేది," అన్నారు మామయ్య, చాలాసేపు సముద్రం కేసి చూసి.

ఆ మూడు గోతులే ప్రపంచ రాజకీయాల స్థాయిలో కూడా తవ్వారు. ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీ అనే నిందితుడిని ఈజిప్టుకు అప్పగించగా, అల్ ఖైదాకు ఇరాక్ రసాయనిక ఆయుధాల్లో శిక్షణ ఇచ్చిందని అక్కడ చెప్పాడు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో యుద్ధానికి వాదిస్తూ ఆ మాటను వాడుకున్నారు. హింస తప్పించుకోవడానికి కల్పించానని అల్ లిబీ 2004లో వెనక్కి తీసుకునేసరికి ఇరాక్ యుద్ధం మొదలై దాదాపు ఏడాది కావొచ్చింది.

ఈ అనుభవం మన ప్రాంతానికి కొత్తది కాదు. విశాఖపట్నం జిల్లా అప్పట్లో భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకూ, నేరాలు ఒప్పించడానికీ జరిగే హింసపై ఏర్పాటైన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. వేళ్లనూ చెవులనూ పెట్టి నొక్కే, నిమ్మకాయ పిండే చెక్కలాంటి "కిట్టి" గురించి, మెడను కాళ్లకు వంచి కట్టి ఎండలో ఉంచడం గురించి అందులో వివరంగా ఉంది. సాక్ష్య చట్టాన్ని రూపొందించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, భారతదేశంలో పనిచేసిన ఒక అధికారి తనతో అన్న మాటను నమోదు చేశారు: ఎండలో తిరిగి సాక్ష్యాలు వెతకడం కంటే నీడన కూర్చుని ఒక పేదవాడి కళ్లలో కారం రుద్దడం సుఖం. 1872 నాటి ఆ చట్టంలోని 25వ సెక్షన్ పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నిబంధన 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

ఆ నిబంధనకు మనం గండి కొట్టింది ఉగ్రవాదం పేరు చెప్పే. టాడా, తర్వాత 2002 నాటి పోటా చట్టాలు ఎస్పీ స్థాయి అధికారి ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా అనుమతించాయి. గుజరాత్ అక్షరధామ్ ఆలయంపై 2002 సెప్టెంబరు 24న జరిగిన దాడి కేసులో అలాంటి వాంగ్మూలాల ఆధారంగా ఆరుగురికి శిక్ష పడింది, ముగ్గురికి ఉరి. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాలు నమ్మదగినవి కావని తేల్చి ఆరుగురినీ విడుదల చేసింది. అప్పటికి వారు ఏళ్ల తరబడి జైలులో గడిపారు. చిత్రహింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికపై భారతదేశం 1997లో సంతకం చేసింది, కానీ ఇప్పటికీ ఆమోదించలేదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి, దీనికి నేను సమర్థన వెతకను.

మరి టీ పోసి కబుర్లు చెప్పాలా అన్న ప్రశ్నకు సమాధానం, కొంతవరకు, అవుననే. రెండో ప్రపంచ యుద్ధంలో హాన్స్ షార్ఫ్ అనే జర్మన్ విచారణాధికారి పట్టుబడిన మిత్రపక్ష వైమానికులను కొట్టేవాడు కాడు. తనకు ముందే అన్నీ తెలిసినట్టు కథ చెబుతూ, మధ్యలో ఒక చిన్న తప్పు దొర్లించి, ఖైదీ దాన్ని సరిదిద్దేలా చేసేవాడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పద్ధతిని ప్రయోగాల్లో పరీక్షిస్తే, నేరుగా ప్రశ్నలు వేయడం కంటే దానివల్ల ఎక్కువ కొత్త సమాచారం వచ్చింది, పైగా తాము ఎంత చెప్పేశారో చెప్పినవారికే సరిగా తెలియలేదు. ఒక పెట్టె సిగరెట్లు, రెండు బీర్లు ఇస్తే హింస కంటే మెరుగ్గా పని జరుగుతుందని సైనిక జనరల్ జేమ్స్ మాటిస్ 2016లో డొనాల్డ్ ట్రంప్‌కు చెప్పడం ఊరికే కాదు.

గంట మాత్రమే ఉన్నప్పుడు ఇది సరిపోతుందా అని మామయ్య మళ్లీ అడిగారు. గంట మాత్రమే ఉందని ఖైదీకి కూడా తెలుసు కదా మామయ్యా, అన్నాను. బాంబు పెట్టినవాడు ఒక్క గంట ఓర్చుకుంటే చాలు, లేదా మీ కుర్రాడిలా మూడు చోట్లు చూపిస్తే చాలు.

2000 అక్టోబరు 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటున్న అమెరికా యుద్ధనౌక కోల్‌ను, పేలుడు పదార్థాలు నింపిన పడవతో పేల్చారు. 17 మంది నావికులు చనిపోయారు. ఆ కేసులో ప్రధాన నిందితుడు అల్ నషీరీని నాలుగేళ్లు రహస్య కేంద్రాల్లో హింసించిన తర్వాత క్యూబాలోని గ్వాంటానమో అమెరికా సైనిక నిర్బంధ కేంద్రంలో వేరే అధికారులు మర్యాదగా ప్రశ్నించి, 2007లో ఒప్పుకోలు తీసుకున్నారు. వెనకటి హింస నీడ ఆ వాంగ్మూలం మీద కూడా ఉందంటూ సైనిక న్యాయమూర్తి 2023 ఆగస్టులో దాన్ని తోసిపుచ్చారు. నౌకాదళం వారి ఇళ్లు వీధికొకటి ఉన్న ఊరు మాది. దాడి జరిగి 22 ఏళ్లు దాటినా ఆ 17 కుటుంబాలకు అప్పటికి తీర్పు అందలేదని చెప్పినప్పుడు మామయ్య మాట్లాడలేదు. లేచి, చెప్పులకు అంటిన ఇసుక దులుపుకుని, నడుద్దాం పద అన్నారు.