కారే చోటే లీకు ఉంటుందా? శ్లాబు మరమ్మతు: అపోహలు - వాస్తవాలు

పెద్ద వాన పడ్డ మర్నాడు నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. "సార్, బెడ్‌రూమ్‌లో ఒక మూల కారుతోంది. సరిగ్గా దాని పైన డాబా మీద నీరు దిగకుండా కాస్త వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసేస్తే సరిపోతుంది కదా, అడుగుకి ఎంత?" లీకు ఎక్కడుందో వాళ్లే తేల్చేశారు, ఏం చేయాలో కూడా వాళ్లే చెప్పేశారు, ఇక మిగిలింది రేటే. వాళ్లను తప్పు పట్టను. మంచం జరిపి, కింద బకెట్ పెట్టి, రాత్రంతా ఆ టపటప విన్నవాళ్లకి టెన్షన్ ఉండదా? కానీ శ్లాబు మరమ్మతుల్లో జనం డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ ఒక్క నమ్మకం వల్లే.

అపోహ: నీళ్లు ఎక్కడ కారితే, పైన లీకు అక్కడే.

వాస్తవం: కారే చోటు నీళ్లు బయటికొచ్చే చోటు మాత్రమే. లోపలికి దిగే చోటు వేరే ఉంటుంది, చాలాసార్లు బాగా దూరంగా. పైన టైల్స్, వాటి కింద వాలు కోసం పోసిన సిమెంటు పొర, దాని కింద అసలు కాంక్రీటు. ఒక బీటలోంచి దిగిన నీరు ఈ పొరల మధ్య వాలు ఎటుంటే అటు పాకి, కాంక్రీటులో సందు దొరికిన చోట కిందికి దిగుతుంది. శ్లాబు పోసేటప్పుడు లోపల పెట్టిన కరెంటు పైపు దొరికిందా, ఇక దానికి రాజమార్గమే.

ఒక ఇంట్లో హాలు మధ్యలో ఫ్యాన్ రాడ్ వెంట నీళ్లు కారేవి. ఆ ఇంటి పెద్దావిడ కింద స్టీలు గిన్నె పెట్టి, చప్పుడు రాకుండా అందులో పాత గుడ్డ వేసి ఉంచారు. నాకంటే ముందు వచ్చినవాళ్లు కొలతలు తీసుకుని మరీ ఫ్యాన్‌కి సరిగ్గా పైన కోటింగ్ వేసి వెళ్లారు. తగ్గకపోతే మరొకరు వచ్చి దాని మీదే ఇంకోటి వేశారు. మెయిన్ ఆపేసి ఫ్యాన్ కప్పు కిందికి దించి చూశాను. హుక్కు దగ్గర కాంక్రీటు పొడిగానే ఉంది, పక్కనున్న కరెంటు పైపు నోట్లో మాత్రం నీటి బొట్టు వేలాడుతోంది. డాబా ఎక్కితే, హాలు అవతలి చివర పిట్టగోడ పక్కన, పై అంతస్తు కోసం వదిలిన చువ్వల మధ్య ఒక ప్లాస్టిక్ కరెంటు పైపు నేలబారుగా విరిగిపోయి ఉంది. మూత లేదు. ఆ మూల నీరు నిలిచిన ప్రతిసారీ నేరుగా అందులోకే. "ఇంత డబ్బు పోశాం బాబూ, ఒక్కరూ ఇటువైపు రాలేదు" అన్నారావిడ.

(ఫ్యాన్, లైటు పాయింట్ల నుంచి కారుతుంటే ముందు మెయిన్ ఆపండి. లీకు సంగతి తర్వాత చూసుకోవచ్చు.)

అసలు చోటు కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. సీలింగ్ మీద చెమ్మ మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి, తేదీ, టైమ్ రాయండి. డాబాని భాగాలుగా చేసి, చిన్న గట్లు కట్టి, ఒక్కో భాగంలో 25 మిల్లీమీటర్ల లోతు నీళ్లు 24 నుంచి 48 గంటలు నిలపాలి. పల్లం వైపు నుంచి మొదలుపెట్టాలి. ఏ భాగం నింపాక మరక గీత దాటిందో లీకు ఆ భాగంలోనే. అయితే ఆ కాస్త నీళ్లే చదరపు మీటరుకి 25 కిలోలు. పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ శ్లాబు మీద ఈ పరీక్ష వద్దు, ముందు ఇంజినీరుకి చూపించండి. వాన లేని రోజుల్లోనూ మరక పెరుగుతుంటే డాబాని వదిలేసి ట్యాంకు, బాత్రూమ్ పైపులు, ఏసీ నీటి గొట్టం చూసుకోండి.

నేను చూసినంతలో నీరు దిగేది శ్లాబు నడిమధ్య కంటే అంచుల్లోనే ఎక్కువ: పిట్టగోడ, శ్లాబు కలిసే చోట, వాన నీరు పోయే తూము చుట్టూ, పైపులు శ్లాబులోంచి లేచిన చోట, ఎప్పుడో యాంటెన్నా కోసం బిగించిన బోల్టుల దగ్గర.

కాంట్రాక్టర్ని ఎంచుకునే పద్ధతీ ఇక్కడే తేలిపోతుంది. డాబా ఎక్కకుండా, వాలు చూడకుండా, ఫోన్లోనే అడుగుకి ఇంత అని చెప్పేవాడికి పని ఇవ్వకండి. "వాన పడ్డ ఎంతసేపటికి కారుతుంది? పెద్ద వానకేనా, ముసురుకి కూడానా?" అని అడిగేవాడు రెండు రూపాయలు ఎక్కువ అడిగినా నయం.

అపోహ: మంచి కంపెనీ కోటింగ్ డబ్బా అయితే చాలు.

వాస్తవం: డబ్బా ఎంత మంచిదైనా పల్చగా పూస్తే లాభం లేదు. ఎండాక 1 మిల్లీమీటరు మందం ఉంటుందని మాటిచ్చారనుకోండి. డబ్బాలో ఎండాక మిగిలే పదార్థం 60 శాతం అయితే, 100 చదరపు మీటర్లకి సుమారు 167 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల డబ్బాలు ఎనిమిది దాటాలి. మూడు డబ్బాలతో పని ముగించారంటే మీకు దక్కిన మందం 0.4 మిల్లీమీటర్లు కూడా లేదు. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకునే దాకా చివరి డబ్బులు ఇవ్వకండి. తడి శ్లాబు మీద పూస్తే బొబ్బలు వస్తాయి. ఆరిందో లేదో చూడటానికి రెండడుగుల ప్లాస్టిక్ షీటుని శ్లాబు మీద పరిచి నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాటి దాకా వదిలేయండి. షీటు అడుగున చెమ్మ పడితే, కోటింగ్ వేసేంతగా శ్లాబు ఇంకా ఆరలేదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. ఒక్కోదాంట్లో మొదటి వాక్యం అపోహ, తర్వాతది వాస్తవం.

తెల్ల పెయింటు వేస్తే లీకు ఆగుతుంది. అది ఎండని వెనక్కి కొడుతుంది, గది కాస్త చల్లబడుతుంది. బీటలు మూయడం దాని పని కాదు.

బీటలో సిమెంటు కూరితే చాలు. కాంక్రీటు ఎండకి సాగి రాత్రికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల శ్లాబుకి 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు. ఆ కదలికకి గట్టి సిమెంటు మళ్లీ విడిపోతుంది. బీటని కాస్త వెడల్పు చేసి, సాగే సీలెంట్ నింపి, పైన మెష్ (సన్నటి వల గుడ్డ) పరిచి కోటింగ్ వేయాలి.

కింద నుంచి పుట్టీ పెడితే తగ్గిపోతుంది. మరక కనబడకుండా పోతుంది, అంతే. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతూనే ఉంటుంది, చివరికి పెచ్చు ఊడి మీద పడుతుంది.

పైన ఇంకో పొర కాంక్రీటు పోస్తే గట్టిపడుతుంది. 50 మిల్లీమీటర్ల పొర అంటే చదరపు మీటరుకి 120 కిలోల దాకా కొత్త బరువు. దాని కింద లీకు దారి ఎప్పటిలాగే ఉంటుంది.

పదేళ్ల గ్యారంటీ ఉంది, భయం లేదు. ఎవరి గ్యారంటీ? కంపెనీ ఇచ్చేది చాలాసార్లు మెటీరియల్‌కే, పనితనానికి కాదు. నీరు నిలిచే చోట వర్తించదని చిన్న అక్షరాల్లో ఉందేమో చదవండి. ఉంటే కోటింగ్ కంటే ముందు వాలు సరిచేయించండి. పని అయ్యాక నీళ్లు నిలిపి చూపించాలని, మళ్లీ కారితే ఎన్నాళ్ల లోపు వచ్చి చూస్తారో కాగితం మీద రాయాలని అడగండి. ఈ రెండూ ఒప్పుకోనివాడికి అడ్వాన్సు ఇవ్వద్దు.