టెర్మినల్లో సీ కంపైలర్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉంటూ కోచింగ్‌కు వెళ్లే మన పిల్లలు చాలామంది సీ ప్రోగ్రాం బాగానే రాస్తారు. రన్ బటన్ లేని, కమాండ్లు టైప్ చేసి పని చేయించే లినక్స్ టెర్మినల్ ముందు కూర్చోబెడితే మాత్రం చేతులాడవు. వాళ్ల కోసమే ఇది. (కింది కమాండ్లలో డబ్ల్యూ పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నవి.)

అపోహ: రన్ బటనే కంపైలర్.

వాస్తవం: కంపైలర్ అంటే మీ కోడ్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రాం, ఇక్కడ జీసీసీ. ఆ బటన్ వెనక నడిచేదీ ఇలాంటి కమాండే: జీసీసీ -డబ్ల్యూఆల్ మెయిన్.సీ -ఓ మెయిన్. -ఓ తర్వాత రాసేది తయారయ్యే ఫైలు పేరు. రాయకపోతే ఏ.అవుట్ అని వస్తుంది. అక్కడ పొరపాటున ఇంకో సోర్స్ ఫైలు పేరు పడిందా, కంపైల్ సాఫీగా అయిపోయి, మీరు రాసుకున్న కోడ్ పోయి దాని చోట మెషిన్ కోడ్ కూర్చుంటుంది. నడపడానికి ./మెయిన్ అని కొట్టాలి. ఉత్త పేరు కొడితే షెల్ (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాం) పాత్ అనే జాబితాలోని ఫోల్డర్లే వెతుకుతుంది. మీరున్న ఫోల్డర్ మామూలుగా అందులో ఉండదు.

అపోహ: మ్యాథ్.హెచ్ ఇన్‌క్లూడ్ చేస్తే స్క్వేర్‌రూట్ వచ్చేసినట్టే.

వాస్తవం: ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. హెడర్‌లో ఉండేది ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందన్న ప్రకటన. అసలు కోడ్ లైబ్రరీలో ఉంటుంది. జీసీసీ లోపల నాలుగు పనులు జరుగుతాయి: ప్రీప్రాసెసింగ్ (ఇన్‌క్లూడ్ లాంటి # లైన్ల పని), అసెంబ్లీలోకి మార్చడం, ఆబ్జెక్ట్ ఫైలు (మెషిన్ కోడ్) చేయడం, లింకింగ్ (దానికి లైబ్రరీ కోడ్ కలిపి నడిచే ఫైలు చేయడం). 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అన్నది చివరి పనిలో లింకర్ పెట్టే కేక. అప్పుడు సింటాక్స్‌లో తప్పు వెతికి లాభం లేదు, మ్యాథ్ లైబ్రరీని కలపమని కమాండ్ చివర -ఎల్ఎం చేర్చండి. చివరే ఎందుకంటే, లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతూ అప్పటిదాకా తేలని పేర్ల కోసమే లైబ్రరీలో చూస్తుంది. స్క్వేర్‌రూట్‌కు నేరుగా 16 ఇస్తే -ఎల్ఎం లేకున్నా నడుస్తుంది. కంపైలరే 4 అని లెక్కగట్టేస్తుంది మరి. అదే స్కాన్ఎఫ్‌తో చదివిన వేరియబుల్ ఇవ్వండి, ఎర్రర్. "నిన్న పనిచేసింది, ఇవాళేమైంది" అనేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

అపోహ: ఎర్రర్ రాలేదంటే ప్రోగ్రాం కరెక్టే.

వాస్తవం: ఇఫ్‌లో మార్కులు == 35 అనబోయి ఒక్క = పెట్టారనుకోండి. మార్కులు 35 అయిపోతాయి, షరతు ప్రతిసారీ నిజమే, అందరూ పాస్! ఉత్తగా కంపైల్ చేస్తే జీసీసీ నోరెత్తదు. -డబ్ల్యూఆల్ ఉంటే ఆ లైన్ చూపించి హెచ్చరిస్తుంది. పేరులో ఆల్ ఉన్నా అన్ని వార్నింగులూ అందులో రావు, -డబ్ల్యూఎక్స్‌ట్రా కూడా కలపండి.

అపోహ: 20 ఎర్రర్లంటే 20 తప్పులు.

వాస్తవం: ఒక్క బ్రేస్ మూయకపోయినా అన్నీ వస్తాయి. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. చూపిన లైన్లో ఏమీ కనబడకపోతే, పై లైన్ చివర సెమికోలన్ ఉందో లేదో చూడండి.