మార్ల్‌బరో గ్యాలరీ: మూడు సంతకాల వెనుక కథ

లండన్, న్యూయార్క్, మాడ్రిడ్, బార్సిలోనాల్లోని మార్ల్‌బరో గ్యాలరీలను మూసివేస్తున్నట్టు 2024లో ప్రకటన వెలువడ్డాక, అక్కడ పోగుపడిన కళాఖండాలకు ధర ఎవరు కట్టాలి, చిత్రకారుల వారసులకు దక్కేదెంత అన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. వియన్నా నుంచి శరణార్థులుగా వచ్చిన ఫ్రాంక్ లాయిడ్, హ్యారీ ఫిషర్ 1946లో లండన్‌లో ఈ వ్యాపారం మొదలుపెట్టి 1963 నాటికి న్యూయార్క్ దాకా విస్తరించిన తీరు అందరికీ తెలిసిందే. నేటి ప్రశ్నకు మూలం మాత్రం 1970 మే 21 నాటి ఒప్పందాల్లో ఉంది.

చిత్రకారుడు మార్క్ రాత్కో ఆత్మహత్య చేసుకుని అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఆయన వదిలివెళ్లిన 798 చిత్రాల్లో వందింటిని, వీలునామా అమలు బాధ్యత తీసుకున్న ముగ్గురూ సంతకాలు పెట్టి, 18 లక్షల డాలర్లకు మార్ల్‌బరో సంస్థకే అమ్మేశారు. సగటున ఒక్కో చిత్రానికి 18 వేలు పడినట్టు. అందులోనూ ముందుగా చెల్లించేది 2 లక్షలే. మిగతాది వడ్డీ లేకుండా పన్నెండేళ్ల వాయిదాల్లో. తక్కిన 698 చిత్రాలను అమ్మిపెట్టే హక్కు కూడా 50 శాతం కమీషన్‌పై ఆ సంస్థకే దక్కింది. సంతకం చేసినవారిలో బెర్నార్డ్ రీస్ అదే గ్యాలరీకి డైరెక్టరు, కార్యదర్శి, కోశాధికారి కూడా. అమ్మేవారి తరఫున నిలబడాల్సిన మనిషి కొనేవారి ఖాతా పుస్తకాలు చూసుకుంటున్నాడన్నమాట. మరొకరైన థియోడోరోస్ స్టామోస్ అదే గ్యాలరీ ఆదరణ ఆశిస్తున్న చిత్రకారుడు.

తండ్రి పోయేనాటికి పంతొమ్మిదేళ్లున్న కేట్ రాత్కో 1971లో కోర్టుకెక్కారు. తమ్ముడు అప్పటికి చిన్నపిల్లవాడు. తండ్రి ఆస్తిని కాపాడవలసినవారే చవకగా ధారాదత్తం చేశారన్నది ఆమె ఫిర్యాదు. టోకున కొన్నప్పుడు ధర తగ్గడం సహజమన్నది అవతలి పక్షం వాదన. అమ్మకాలు ఆపమని 1972లో కోర్టు ఆదేశించాక కూడా 57 చిత్రాలు చేతులు మారాయి.

1975లో జడ్జి మిల్లార్డ్ మిడోనిక్ ఆ ఒప్పందాలను రద్దు చేసి, ముగ్గురినీ తొలగించి, 92 లక్షల డాలర్లకు పైగా పరిహారం విధించారు. ఆదేశాన్ని ఉల్లంఘించినందుకు లాయిడ్‌పైనా, ఆయన సంస్థలపైనా 33 లక్షల జరిమానా పడింది. తిరిగిరాని చిత్రాలకు 1970 నాటి ధరను కాక, తీర్పు నాటికి పెరిగిన విలువను లెక్కగట్టడం ఇందులో అసలు మలుపు. 1977లో పైకోర్టు దాన్నే ఖాయం చేసింది.

న్యూయార్క్ శాఖను మూసేయాలన్న అంతకుముందటి నిర్ణయంపై 2020లో లాయిడ్ బంధువర్గంలోనే వ్యాజ్యాలు నడిచాయి గాని, వాటిలో చిత్రకారుల ఊసు తక్కువ. కేట్ పోరాటంతో వెనక్కి వచ్చిన చిత్రాల్లో పిల్లల వాటా పోగా మిగిలినవి రాత్కో ఫౌండేషన్‌కు చేరాయి. ఆ ఫౌండేషన్ వాటిని 1980లలో మ్యూజియాలకు పంచింది. ఎక్కువ భాగం అందుకున్న వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో వాటిని చూడటానికి టికెట్టు అక్కర్లేదు.