నేల పట్టిన చక్రానికే బలం

వానాకాలంలో తాడ్వాయి, ఏటూరునాగారం వైపు మట్టిబాటల మీద బండ్లు దిగబడటం మామూలే. అప్పుడు చుట్టూ చేరినవాళ్లు ముందుగా అనే మాట "ఇంకొంచెం రేజ్ చెయ్యి". దిగబడ్డ బండికి అంతకన్నా చెడ్డ సలహా లేదు. ఇంజన్‌కు బలం చాలినంత ఉంది, అది పట్టు దొరికిన చక్రానికి చేరడం లేదు. ఫోర్ వీల్ డ్రైవ్, డిఫరెన్షియల్ లాక్, ట్రాక్షన్ కంట్రోల్ మూడూ ఈ చిక్కును విప్పడానికే ఉన్నాయి.

చిక్కంతా డిఫరెన్షియల్‌ దగ్గర, అంటే ఇరుసు నడుమ ఉండి రెండు చక్రాలకూ బలం పంచే పళ్లచక్రాల అమరిక దగ్గర మొదలవుతుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి నేల మీద రాసుకుంటూ పోతుంది. 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ తన ఆవిరి బండికి దీన్ని తప్పించే పళ్లచక్రాల అమరిక కనిపెట్టాడు. ఇవాళ్టి కార్లలో ఉన్నది దాని వారసత్వమే. రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగినా, తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, ఇది రెండింటికీ సమానంగా పంచుతుంది.

నాగలి కాడిలాంటిదే ఇది. కాడికి కట్టు నడుమ ఉంటుంది. ఒక ఎద్దు వెనక్కి తగ్గితే రెండోది ఎంత గట్టిగా గుంజినా కాడి పక్కకు తిరుగుతుంది, నాగలి మాత్రం కదలదు. మెత్తని ఎద్దు ఎంత లాగుతుందో గట్టి ఎద్దు బలం కూడా అంతవరకే పనికొస్తుంది.

అంకెల్లో చూద్దాం. వెనక ఎడమ చక్రం రేగడి బురదలో ఉంది, 100 న్యూటన్ మీటర్ల టార్క్ దాటితే జారిపోతుంది. కుడి చక్రం గట్టి మొరం మీద ఉంది, 500 దాకా తట్టుకుంటుంది. డిఫరెన్షియల్ సమానంగానే ఇస్తుంది కాబట్టి కుడి చక్రానికీ 100 మాత్రమే అందుతుంది. మొత్తం 200, బండి కదలదు. రేజ్ చేస్తే ఎడమ చక్రం గిర్రున తిరిగి గుంత తవ్వుకుంటుంది. వానకు ఉబ్బిన రేగడి టైరు గాడుల్లో నిండిపోయి టైరును నున్నగా చేస్తుంది, ఉన్న 100 కూడా తగ్గిపోతుంది.

ఫోర్ వీల్ వేస్తే ఇంజన్ బలం ముందు ఇరుసుకూ పోతుంది. అయితే ముందు ఇరుసులోనూ ఇలాంటి డిఫరెన్షియలే ఉంటుంది. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం బురదలో పడితే ఫోర్ వీల్ బండి కూడా కదలకుండా నిలబడుతుంది. లక్షలు పోసి కొన్నవాళ్లు ఇక్కడే బిత్తరపోతారు. ఇంకో మాట: పాత జిప్సీ, ఇప్పటి జిమ్నీ లాంటి బండ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ డిఫరెన్షియల్ ఉండదు. వాటిని ఫోర్ వీల్‌లో పెట్టి పొడి తారు రోడ్డు మీద తిప్పితే షాఫ్టులూ గేర్లూ బిగుసుకుంటాయి. బురద దాటగానే టూ వీల్‌లోకి మార్చుకోవాలి.

మన పొలాల్లో దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. కరిగెటలో ట్రాక్టర్ ఒక పక్కకు దిగబడితే డ్రైవర్ మడమతో ఒక పెడల్ తొక్కుతాడు. అదే డిఫరెన్షియల్ లాక్. దాంతో రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. ఎడమ చక్రం 100, కుడి చక్రం 500, మొత్తం 600 నేలకు అందుతుంది, వృథా ఏమీ ఉండదు. మలుపు తిప్పేలోపు లాక్ వదిలేయాలి, అంతే. నా మటుకు నాకు లోతు బురదకు దీన్ని మించింది లేదు.

ట్రాక్షన్ కంట్రోల్ ఇదే పని వేరే దారిలో చేస్తుంది. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సర్ ఉంటుంది. ఒక చక్రం మిగతావాటి కన్నా వేగంగా తిరిగితే కంప్యూటర్ ఆ ఒక్కదానికే బ్రేక్ వేస్తుంది. బురద ఇచ్చే 100కు బ్రేక్ 400 కలిస్తే ఎడమ చక్రం దగ్గర 500 అడ్డు నిలుస్తుంది. డిఫరెన్షియల్ మోసపోయి కుడి చక్రానికీ 500 పంపుతుంది. నేలకు అందేది మళ్లీ 600. కాకపోతే ఇరుసుకు 1000 ఇవ్వాలి, 400 బ్రేకుల్లో వేడిగా పోతుంది. అందుకే టార్క్‌ను రెండు రెండున్నర రెట్లు పెంచే లో రేంజ్ గేర్ కావాలి. బ్రేకులు టకటకమంటుంటే టెన్షన్ పడి యాక్సిలరేటర్ వదిలేస్తారు చాలామంది. వదలకుండా నిలకడగా తొక్కి ఉంచితేనే బండి మెల్లగా బయటపడుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్‌కు ఇంకో పని కూడా ఉంది, జారుడు కనబడితే ఇంజన్ బలాన్ని తగ్గించడం. తడిసిన తారు మీద అది ప్రాణం కాపాడుతుంది. లోతు బురదలో మాత్రం ఊపు చంపేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఆఫ్ బటన్ ఇచ్చేది అందుకే.

ఇవన్నీ బండిని కదిలించడానికే పనికొస్తాయి. ఆపడంలో ఫోర్ వీల్ బండికి అదనపు బలమేమీ లేదు, ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, జంపన్నవాగు ఊళ్ల మీదికొచ్చింది. అలాంటప్పుడు ఫోర్ వీల్ ఉందన్న ధైర్యంతో లోలెవల్ వంతెన మీదికి బండి దింపేవాళ్లుంటారు. చక్రం పట్టంతా దాని మీద పడే బరువు నుంచి వస్తుంది. బండి అడుగు భాగం సుమారు 5 చదరపు మీటర్లు అనుకుంటే, నీళ్లు అడుగును దాటి పైకొచ్చే ప్రతి 10 సెంటీమీటర్లకు అర టన్ను బరువు తేలిపోతుంది. జిమ్నీ బరువు సుమారు 1.2 టన్నులు. లోపలికి నీళ్లు చొరబడేలోపు, అడుగు మీద జానెడు లోతు చాలు, చక్రాల మీద బరువు దాదాపు ఏమీ మిగలదు. కింద గట్టి కాంక్రీటే ఉన్నా, అన్ని లాకులూ వేసి ఉన్నా, పారే నీటి తోపుకు ఆ బండి పక్కకు జరగడం మొదలుపెడుతుంది.