మనవలకు కోడిపిల్లల గురించి ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అవ్వ, నేను క్షేమం. సెలవులు ముగిసి మీరు నెల్లూరు వెళ్లిపోయాక దొడ్డి బోసిపోయింది. బయలుదేరే ముందు రోజు చిన్నది నన్ను ఒక ప్రశ్న అడిగింది. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. వీధిలో గంప పెట్టుకొని వచ్చినతని దగ్గర మీరు ఆరు రంగు కోడిపిల్లలు కొన్నారు. పది రోజుల్లో వాటిలో నాలుగు పోయాయి. అదే సమయంలో మన నల్లపెట్ట లేపిన తొమ్మిది పిల్లల్లో ఒకదాన్ని గద్ద తన్నుకుపోయిందే తప్ప మిగిలినవన్నీ పెంటకుప్ప మీద కెలుక్కుంటూ బలంగా తిరుగుతున్నాయి. "అట్టపెట్టెలో పెట్టి, బల్బు వేసి, అంత శుభ్రంగా చూసుకున్నవి ఎందుకు చచ్చిపోయాయి తాతా? పెంటలో తిరిగేవి ఎందుకు బతికాయి?" అని కళ్లనీళ్లు పెట్టుకొని అడిగింది. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా పనిచేసినవాణ్ణి కనుక ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు రాయడం నా బాధ్యత.

రంగు పిల్లలకు ఎండా, చలీ, ప్రయాణమూ అన్నీ దెబ్బే. వాటి చావును ఒకే కారణానికి అంటగట్టకూడదు. అయితే పోయిన నాలుగింటిలో మూడింటికి తోక కింద తెల్లగా పెంట గడ్డకట్టి ఉండటం మీరూ చూశారు. ఆ జబ్బు పేగులో పుడుతుంది. అందుకే పేగు గురించే రాస్తున్నాను.

ఆదివారం నాడు అవ్వ కోడిని కోసి శుభ్రం చేస్తుంటే పెద్దవాడు పక్కనే కూర్చుని కందనకాయను చీల్చి లోపలి రాళ్లు లెక్కపెట్టాడు. ఈసారి కూర్చున్నప్పుడు ఇంకొంచెం కిందికి చూడండి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట వేలికంటె పొడవైన రెండు సంచులు కనిపిస్తాయి. వాటికి ఒక వైపే దారి ఉంటుంది, రెండో కొస మూసుకొని ఉంటుంది. పుస్తకాల్లో వీటిని అంధనాళాలు అంటారు. కోడి వేసే రెట్ట చాలాసార్లు తెల్లని కొనతో గట్టిగా ఉంటుంది కానీ, రోజుకు కొన్నిసార్లు మాత్రం ముదురు గోధుమరంగులో జిగటగా, ముక్కు మూసుకోవలసినంత కంపుతో ఉంటుంది. వసారాలో చిన్నది కాలు వేసింది అలాంటి దాని మీదే. అది ఈ సంచుల నుండి వచ్చినది. పెద్దకోడి అంధనాళంలో ఒక్క గ్రాము పదార్థంలో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో అధిక భాగం కోడికి కీడు చేయనివే.

గుడ్డు లోపలి పిల్ల పేగులో మాత్రం దాదాపు ఎవరూ ఉండరు. ఇరవై ఒకటో రోజున పెంకు పగలగొట్టుకొని వచ్చిన గడియ నుండి ఆ ఖాళీ చోటు కోసం పోటీ మొదలవుతుంది. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండుకు బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునేవాళ్లను మీరు చూశారు కదా, పేగులో జరిగేదీ దాదాపు అదే. ముందు వచ్చినవి పేగు గోడను అంటిపెట్టుకుంటాయి, ఉన్న మేతను తింటాయి, తాము వదిలే ఆమ్లాలతో ఆ చోటును తమకు అనువుగా మార్చుకుంటాయి. తరువాత వచ్చినదానికి కూర్చోవడానికి చోటుండదు, తినడానికి తిండి ఉండదు.

నల్లపెట్ట పిల్లలు మొదటి రోజే తల్లి రెట్టను, తల్లి కెలికిన మట్టిని ముక్కుతో పొడుస్తాయి. అలా తల్లి పేగులో కాపురమున్న మంచి బ్యాక్టీరియా అంతా పిల్లల్లోకి చేరి సీట్లు పట్టేసుకుంటుంది. హేచరీలో పుట్టిన పిల్ల తల్లిని చూడనే చూడదు. యంత్రంలో పొదిగి, యంత్రంలోనే పెంకు విడిచి, అట్టపెట్టెలోకి వచ్చిన దాని పేగు ఖాళీ బస్సులాగా ఉంటుంది. ఆ ఖాళీలోకి మొదట ఏది అడుగుపెడితే దానిదే ఇల్లు. పుట్టిన మొదటి రోజు పిల్లకు అంటుకోవడానికి, పేగుల్లో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కణాలు పట్టుమని పది కూడా అక్కరలేదు. అదే పిల్ల కొన్ని వారాలు పెరిగాక లక్షలు మింగినా చాలాసార్లు నిలదొక్కుకుంటుంది.

ఈ సంగతిని లోకానికి రుజువు చేసి చూపినవారు ఫిన్లాండు దేశపు శాస్త్రవేత్తలు ఎస్కో నుర్మి, రంటాలా. 1971లో ఆ దేశంలో బ్రాయిలర్ కోళ్ల ద్వారా ఒక రకం సాల్మొనెల్లా విపరీతంగా వ్యాపించింది. వారిద్దరూ ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు తినిపించి, ఆ తరువాత సాల్మొనెల్లా ఇచ్చి చూశారు. పెద్దకోడి పేగుపదార్థం తిన్న పిల్లల్లో చాలావాటిని సాల్మొనెల్లా ఆక్రమించలేకపోయింది. 1973లో ఈ ఫలితాలను ప్రచురించారు. మన నల్లపెట్ట ఏనాటి నుండో చేస్తున్న పనినే వారు చేతితో చేశారు. నాకు ఈ ప్రయోగమంటే ఎంతో గౌరవం.

ఇంతకంటె ఆశ్చర్యమైనది మరొకటి ఉంది. 1987లో ఇంగ్లండులో పాల్ బారో, ఆయన సహచరులు జబ్బు చేయలేని ఒక సాల్మొనెల్లా తెగను మొదటి రోజు పిల్లలకు ఇచ్చి, మరునాడు జబ్బు చేసే మరో సాల్మొనెల్లా తెగను ఇచ్చారు. మొదటిది రెండోదాన్ని నిలవనీయలేదు. వేరే జాతి బ్యాక్టీరియాను ముందుగా ఇచ్చినప్పుడు ఈ అడ్డు అంత బలంగా లేదు. అంటే దగ్గరి చుట్టమే గట్టి పోటీదారు. కయ్యలో వరికి తుమ్మచెట్టుకంటె ఊదగడ్డి ఎక్కువ చేటు చేయడానికి కారణం ఇదే. ఊద చూపుకు వరిలాగే ఉంటుంది, అదే నీటిని, అదే ఎరువును, అదే లోతు నుండి తాగుతుంది.

దగ్గరి తెగల మధ్య ఆయుధాలతో యుద్ధమూ నడుస్తుంది. 1925లో ఆంద్రే గ్రాషియా అనే శాస్త్రవేత్త, పేగుల్లో ఉండే ఇ.కోలి అనే బ్యాక్టీరియాలో ఒక తెగ మరో తెగను చంపే పదార్థాన్ని తయారుచేస్తుందని కనుగొన్నాడు. తరువాత దానికి కొలిసిన్ అని పేరు వచ్చింది. ఆ విషాన్ని తయారుచేసిన కణం చాలాసార్లు తాను పగిలి చనిపోతేనే అది బయటికి వస్తుంది. పక్కనున్న తన తెగవారి దగ్గర దానికి విరుగుడు ఉంటుంది కనుక వాళ్లు బతుకుతారు, పరాయి తెగ చనిపోతుంది. అయితే విషం తయారుచేయడానికి ఖర్చవుతుంది. విషాన్ని చేయకుండా దాన్ని తట్టుకోవడం మాత్రమే నేర్చిన తెగ, విషం చేసే తెగకంటె వేగంగా పెరిగి దాన్ని మించిపోతుంది. ఆ తట్టుకునే శక్తికీ కొంత ఖర్చే కాబట్టి, ఏ ఖర్చూ లేని మామూలు తెగ దాన్ని మించిపోతుంది. ఆ మామూలు తెగను మళ్లీ విషం చేసే తెగ చంపుతుంది. మీరు ఆడుకునే రాయి, కాగితం, కత్తెర ఆట ఇదే కదా.

ముందు వచ్చినదే ఎప్పటికీ గెలుస్తుందని మాత్రం అనుకోవద్దు. కాంపిలోబాక్టర్ అనే మెలితిరిగిన బ్యాక్టీరియా 42 డిగ్రీల వేడిలో చక్కగా పెరుగుతుంది. కోడి ఒంటి వేడి కూడా ఇంచుమించు అంతే. అది కోడికి సాధారణంగా ఏ బాధా కలిగించదు కానీ సరిగా ఉడకని మాంసం ద్వారా మనుషుల కడుపులో చేరితే విరేచనాలు తెస్తుంది. దానిలో కొన్ని తెగలు, ముందే స్థిరపడిన తమ సాటి తెగను కూడా పక్కకు నెట్టి చోటు సంపాదించుకోగలవు.

ఒక శత్రువును తొలగిస్తే ఆ చోటు ఖాళీగా ఉండిపోదు. ఇంగ్లండులో కోళ్లకు టైఫాయిడు తెచ్చే సాల్మొనెల్లా గాలినారంను 1970ల నాటికి ఫారాల నుండి దాదాపు తుడిచిపెట్టారు. 1980లలో గుడ్ల ద్వారా మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అక్కడ విస్తరించింది. ఈ రెండింటికీ పైపొర గుర్తు ఒకటే కాబట్టి, మొదటిదాని వల్ల కోళ్లలో ఏర్పడిన రక్షణ రెండోదాన్ని కూడా ఆపుతూ ఉండేదనీ, మొదటిది పోయాక రెండోదానికి దారి తెరుచుకుందనీ 2000లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మొదటిదాన్ని తొలగించడం తప్పని నేననను, అది కోళ్లను గుంపులు గుంపులుగా చంపేది. కాకపోతే ఖాళీ చేసిన చోట ఎవరిని కూర్చోబెట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

ఈ ఆలోచన లేక నేనే ఒక తప్పు చేశాను. పొదలకూరు వైపు ఒక షెడ్డులో పిల్లలు దిగిన రోజే, వాటికి ఏ జబ్బూ లేకపోయినా, ముందుజాగ్రత్త అనుకొని నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలపమని చెప్పేవాణ్ణి. మందు ఆపిన వారానికి వాటికి పారుడు పట్టుకునేది. మళ్లీ మందు రాసేవాణ్ణి. 1950లలోనే అమెరికాలో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూపించారు: మామూలు ఎలుకకు జబ్బు తేవడానికి సుమారు లక్ష సాల్మొనెల్లా కణాలు కావలసి ఉండగా, మందుతో పేగు ఖాళీ అయిన ఎలుకకు పది లోపే సరిపోయాయి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పైగా, మందుకు చావని తెగ ఒకటి ఉంటే, పోటీదారులందరినీ మనమే చంపి దానికి బస్సంతా అప్పగించినట్లవుతుంది. మనుషులకు ఆఖరి ఆయుధంగా మిగిలిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మందును పశువులకు, కోళ్లకు వాడకూడదని మన ప్రభుత్వం 2019లో నిషేధించడానికి కారణం ఈ భయమే.

మీ రంగు పిల్లల్లో మిగిలిన రెండింటికీ మందేమీ వేయలేదు. మీరు వెళ్లిన రాత్రే అవ్వ వాటిని నల్లపెట్ట రెక్కల కింద తోసింది. రాత్రి చీకట్లో తోస్తే పెట్ట పొడవదు, తెల్లవారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. అవిప్పుడు దాని వెంటే తిరుగుతూ అది కెలికిందల్లా పొడుస్తున్నాయి. పచ్చరంగుదానికి రెక్కల దగ్గర తెల్ల ఈకలు వస్తున్నాయి. ఎర్రపెట్ట కూడా పొదుగుకు కూర్చుంది, గంపలో పదకొండు గుడ్లు పెట్టాము. దసరా సెలవులకు వచ్చేసరికి ఆ పిల్లలు పెద్దవవుతాయి. వాటిని ఎత్తుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నానికి కూర్చుంటే మాత్రం అవ్వ ఊరుకోదు.

ఇట్లు,
మీ తాత