దాణా మార్చి చూసే ప్రయోగం: వరుసలోనే ఉన్న కిటుకు

కొత్త దాణా వల్ల పాలు పెరుగుతాయో లేదో తేల్చుకోవడానికి 10 గేదెలకు పాత దాణా, మరో 10 గేదెలకు కొత్త దాణా పెట్టి పాలు కొలవడం అందరికీ ముందుగా తోచే పద్ధతి. అయితే ఒకే కొట్టంలో ఒకే మేత మేసే రెండు గేదెల్లో ఒకటి 8 లీటర్లు, మరొకటి 10 లీటర్లు ఇవ్వడం మామూలే కాబట్టి, దాణా తెచ్చే అర లీటరు తేడా ఆ హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. అందుకే పాడి పరిశోధకులు ఏ పశువునైనా దానితోనే పోల్చే క్రాసోవర్ ప్రయోగాన్ని ఎంచుకుంటారు. ఇందులో ప్రతి గేదె కొన్నాళ్లు ఒక దాణా, ఆపైన కొన్నాళ్లు రెండో దాణా తింటుంది. సగం గేదెలకు ముందు పాతది, మిగతా సగానికి ముందు కొత్తది పెడతారు.

ఇలా వరుస తిరగేయడం ఎందుకంటే, ఈనిన కొన్ని వారాలకు గరిష్ఠానికి చేరిన పాలు ఆ తరువాత ఏ దాణా పెట్టినా క్రమంగా తగ్గుతాయి. ఆ తగ్గుదల నెలకు 1 లీటరనీ, కొత్త దాణా నిజంగానే అర లీటరు పెంచుతుందనీ అనుకుందాం. పాత దాణా ముందు తిన్న గేదె 8 లీటర్ల నుంచి 7.5కి దిగుతుంది, దాన్నొక్కదాన్నే చూసిన రైతు కొత్త దాణాయే పాలను తగ్గించిందని పొరబడతాడు, అలా అనుకోవడం సహజమే. కొత్తది ముందు తిన్న గేదె 10.5 నుంచి 9కి దిగుతుంది. కొత్త దాణాకు మొదటి గేదెలో అర లీటరు నష్టం, రెండోదానిలో లీటరున్నర లాభం కనిపించాయి. రెండింటి సగటు తీస్తే సరిగ్గా అర లీటరు లాభం తేలుతుంది.

అసలు చిక్కు నెమరువేసే పశువు పొట్టలో ఉంది. మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి, 21 రోజుల విడతలో మొదటి 14 రోజుల కొలతలను పక్కన పెట్టి చివరి వారానివే లెక్కలోకి తీసుకోవడం వాడుక. ఖర్చుకు వెనకాడి ఈ గడువును కుదించడం కంటే ప్రయోగాన్ని మానుకోవడమే మేలని నా అభిప్రాయం. అంత జాగ్రత్త పడినా ముందటి దాణా ప్రభావం కొంత మిగలవచ్చు. దాన్ని విడదీసి లెక్కగట్టేందుకు 1941లో కాక్రన్, ఆట్రీ, కానన్ అనే పరిశోధకులు పాడి పశువుల కోసమే ఒక ప్రణాళిక రూపొందించారు. 1949లో గణాంకవేత్త విలియమ్స్ చూపిన అమరికల్లో క, ఖ, గ, ఘ అనే నాలుగు దాణాలకు నాలుగు వరుసలు చాలు: కఖఘగ, ఖగకఘ, గఘఖక, ఘకగఖ. పక్కపక్కనున్న జతలను చూస్తే, ప్రతి దాణా మిగిలిన మూడింటిలో ఒక్కోదాని వెనుక ఒక్కసారే వస్తుంది.

దూడల ఎదుగుదల, చూలు నిలవడం వంటి వాటికి ఈ పద్ధతి పనికిరాదు. పెరిగిన దూడను మళ్లీ మొదటి బరువుకు తేలేం. పాల విషయంలోనైనా పాలు పితికే మనిషి మధ్యలో మారకూడదు, ఎందుకంటే అలవాటైన చేతికే గేదె సరిగా చేపుతుంది. ఏ గేదెకు ఏ దాణా పడుతోందో ఆయనకు తెలియకూడదు కూడా.